వెనక మూడు గళ్ళు

సాయంత్రం నాలుగు దాటింది. గాలి తగ్గింది. వాన సన్నగా పడుతూనే ఉంది.

పొద్దున నలుగురు వెళ్లారు. మా అత్తగారు, మా ఆయన, మా అమ్మాయి, మా తమ్ముడు. ఊరికి ఆ చివర యూనియన్ హాల్లో యుద్ధం ఆట పోటీలు. పాతకాలం సైన్యాల ఆట అది. ఈటెలు, గుర్రాలు, ఏనుగులు. ఆరు మూలల గళ్ళు గీసిన చెక్క మీద అట్టబిళ్లలతో ఆడతారు. ఆ చెక్క మా ఆయన చేసిందే. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. సెలవు రోజున మా టీ కొట్టు మూసేశాక ఇంటిల్లిపాదీ అదే ఆట. నేను ఆడను. చూస్తాను.

ఆ నలుగురూ తాగే గ్లాసులు వేరు. పొద్దున కడిగి పైఅరలో బోర్లించాను. వాళ్లు తిరిగొచ్చేదాకా వాటిని ఇంకెవరికీ ఇవ్వను.

పన్నెండింటికి గాలి మొదలైంది. ఒంటిగంటకి కండక్టరు గారు కొట్లోకి వచ్చి, యూనియన్ హాలు పైకప్పు లేచిపోయిందట అన్నారు. అంతకుమించి ఆయనకి తెలీదు. కోత మిల్లు దగ్గర చెట్టు అడ్డంగా పడితే బస్సు సగం దారిలోంచి వెనక్కి తిప్పేశారట. ఫోన్లు పనిచేయడం లేదు. నేను పొయ్యి ఆర్పలేదు. చేతికి పని ఉండాలి.

నాలుగుంబావుకి పాలవ్యాను చుట్టుదారిలో వచ్చి ఆగింది. మా తమ్ముడు దిగాడు. ఒక్కడే.

"అందరూ క్షేమం అక్కా. వెనక నడిచొస్తున్నారు. వ్యానులో ఒక్కరికే చోటుంది" అన్నాడు.

వీడి గురించి చెప్పాలి. మనిషి మంచివాడు. పనిమంతుడు. కాలిపోయిన మోటారుకి తీగ చుట్టి మళ్లీ తిప్పుతాడు. నోరు విప్పితే మాత్రం కోత. కుళాయి దగ్గర కాలు జారితే జలపాతం మీంచి దూకానంటాడు. జలుబు చేస్తే డాక్టర్లు ఎనిమిది మంది చేతులెత్తేశారంటాడు. వీధిలో వాణ్ణి పేరు పెట్టి ఎవరూ పిలవరు. సేనాపతి అంటారు. వాడు దాన్ని వెక్కిరింత అనుకోడు.

నాకు తెలిసి వాడు ఒక్కసారే కోత లేకుండా మాట్లాడాడు. మా నాన్న పోయిన రోజు. గుమ్మంలో నిలబడి, "నాన్న పోయాడక్కా" అన్నాడు. ముందు మాట లేదు, వెనక మాట లేదు.

ఇప్పుడు అన్నది కూడా అలాగే ఉంది. అందరూ క్షేమం. అంతే. అందులో ఎనిమిది మంది డాక్టర్లు లేరు. జలపాతం లేదు.

పైఅర లోంచి వాడి గ్లాసు తీసి టీ పోశాను. ఇంకా మూడు గ్లాసులు బోర్లించే ఉన్నాయి.

"కూర్చోరా. మొదటి నుంచి చెప్పు" అన్నాను.

వాడు కూర్చోలేదు. కొట్టు మధ్యలో నిలబడ్డాడు, మొహం రోడ్డు వైపు పెట్టి. వాడి ఎదురుగా బల్ల మీద, రోడ్డుకి వీపు పెట్టి ముగ్గురు కూర్చున్నారు. కండక్టరు గారు, పక్క కొట్టు టైలరు, రిటైరైన లెక్కల మాస్టారు. వాడి వెనక మా వంటింటి తలుపు. ఆ తలుపు లోంచి పెరడు, పెరట్లోంచి వెనక సందు. నేను పక్కన, పొయ్యి దగ్గర.

టీ ఒక గుక్క తాగాడు. గొంతు సవరించుకున్నాడు.

"చెప్పడానికి పెద్ద విశేషమేం లేదు మాస్టారూ, ఏదో మన పాటికి మనం వెళ్లాం, ఆడాం, అంతే. మొదటి ఆటలో ఎదటివాడు పన్నెండు ఈటెల దళాలతో కుడివైపు నుంచి వస్తున్నాడు, నా దగ్గర అటువైపు ఒక్క బిళ్ల ఉంది, ఒకే ఒక్కటి, అదీ అంచు చిరిగింది, మా బావ మందుల డబ్బా అట్ట కత్తిరించి చేసింది. దాన్నొక గడి ముందుకి జరిపి అక్కడ పెట్టి చెయ్యి తీసేశాను. అంతే. పన్నెండూ ఆగిపోయాయి."

టైలరుకి ఆట తెలీదు. ఒక్కదానికి పన్నెండు ఎందుకు ఆగుతాయి అన్నాడు.

వీడు నా కెటిలు తీసుకున్నాడు. అందులో మరిగే టీ ఉంది, పెట్టెయ్యరా అన్నా వినలేదు. బల్ల మీద పెట్టాడు.

"ఇదిగో, ఈ కెటిలు నా దళం అనుకో. కొమ్ము ఎటుంటే మొహం అటు. దీని చుట్టూ ఆరు గళ్ళు, తేనెపట్టులో లాగా. మొహం ముందున్న మూడు గళ్ళూ దీని పట్టు. రూల్ పుస్తకంలో కంట్రోల్ జోన్ అని రాశారు, మేం పట్టు అంటాం. ఆ పట్టులో శత్రువు కాలు పెట్టాడా, ఆగిపోవాలి. వాడు రాజైనా సరే, ఏనుగైనా సరే. ఆ ఎత్తుకి ఇక కదలకూడదు. ఆగి, కొట్టుకోవాలి. అందుకని తెలివైనవాడు బిళ్లలన్నీ గోడలాగా పేర్చడు. ఇక్కడొకటి, రెండు గళ్ళు ఖాళీ వదిలి అక్కడొకటి. ఖాళీలో ఎవరూ లేరు, అయినా ఉన్నట్టే. లేని మనిషితో ఉన్న మనిషిని ఆపడం. ఈ విద్య ఈ ఊళ్లో ఎవడికి వచ్చో నా నోటితో నేను చెప్పుకోకూడదు."

"వెనక మూడు గళ్ళ సంగతేంటి?" అన్నారు మాస్టారు.

"వెనక గుడ్డి మాస్టారూ. అటు నుంచి వచ్చేవాడు ఆగక్కర్లేదు. పక్క నుంచి కొడితే ఒక పాచిక ఎక్కువ, వెన్ను మీద కొడితే పాచికలు రెండింతలు. పది దళాల బలం ఉన్నవాడు కూడా వెన్ను ఇచ్చాడంటే అయిపోయినట్టే. అందుకే నేను ఇవ్వను. ఇరవై ఏళ్లుగా ఆడుతున్నాను, నా వెనక గడిలో కాలు పెట్టిన మొనగాడు ఇంతవరకు లేడు."

నేను కెటిలు తీసుకుని పొయ్యి మీద పెట్టాను.

పన్నెండు దళాలు ఆగాయన్నాడు. పోయినసారి రెండు ఆగాయన్నాడు. పన్నెండంటే కోతే. నా ఊపిరి కొంచెం వదులైంది. కానీ వాడు మాట మాటకీ రోడ్డు వైపు చూస్తున్నాడు. కోతలు కోసేటప్పుడు వాడు జనం మొహాలు చూస్తాడు. రోడ్డు చూడడు.

రెండో ఆట చెప్పాడు. నాలుగు బిళ్లలతో నలభై దళాలని ఆపాడట. ఎదటివాడు ఎటు కదిలినా వీడి పట్టే, రెండు గంటలు చెయ్యి గాల్లో పెట్టుకుని ఆలోచించాడట. చివరికి చెయ్యి తిమ్మిరెక్కి దించలేకపోతే ఇద్దరు పట్టుకుని దించారట. మూడో ఆటలో అసలు వీడు బిళ్లలు పెట్టనే లేదట. ఖాళీ గళ్ళ వైపు కళ్లెర్రచేసి చూశాడట. శత్రువు అటు రాలేదట.

"బిళ్లలు లేకుండా ఆట ఒప్పుకున్నారా?" అని మాస్టారు అడిగారు.

"రూల్ పుస్తకంలో ఒప్పుకోకూడదని ఎక్కడుంది?" అన్నాడు వీడు.

మాస్టారు జేబులోంచి పెన్ను తీసి చేతి వెనక ఏదో అంకె వేసుకున్నారు. ఆయన వీడి కోతలకి లెక్క కట్టుకుంటూ ఉంటారు. సరదా.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫైనలు. ఎదురుగా ఎవరు కూర్చున్నారనుకున్నారు? గడ్డం ఇంత. ఛాతీ ఇంత. తొమ్మిదేళ్లుగా ఓటమి ఎరగని పెద్దమనిషి, ఏ ఊరివాడో కూడా ఎవరికీ తెలీదు, పోటీ రోజున వస్తాడు, కప్పు పట్టుకుపోతాడు, మళ్లీ ఏడాదికే కనిపిస్తాడు. కుర్చీ చాలక రెండు కుర్చీలు వేశారు. నన్ను చూశాడు. నేనూ చూశాను. ఆయన ఏనుగులు దింపాడు. ఎన్ని? పదహారు. మా బావ చేసిన డబ్బాలో ఏనుగులు నాలుగే, మిగతావి ఆయన సొంతంగా తెచ్చుకున్నాడు, ఇత్తడివి, ఒక్కోటీ కిలో. బల్ల వంగింది. సరే రానీ అన్నాను. నా పట్టు వేసి కూర్చున్నాను. ఆయన పాచిక వేశాడు, అది దొర్లుతూ దొర్లుతూ నా దళం ముందు గడిలోకి వచ్చింది, వచ్చి టక్కున ఆగింది. మూల మీద నిలబడి ఆగింది టైలరు గారూ, పడలేదు. ఆరూ కాదు, ఒకటీ కాదు. రిఫరీ కళ్లజోడు తుడుచుకున్నాడు. అంతలో ఒక చీమ, బల్ల మీద పాకుతూ వచ్చి అదే గడిలో ఆగిపోయింది. ముందుకి పోలేదు, వెనక్కి పోలేదు. దానికి రూలు ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పారు?" అన్నాడు టైలరు.

"అదే నేనూ అడుగుతున్నాను."

కండక్టరు గారు నవ్వారు. నవ్వి, ఇంతకీ ఆ పైకప్పు సంగతి చెప్పవయ్యా సేనాపతీ అన్నారు.

తమ్ముడు గ్లాసు వైపు చూశాడు. టీ అయిపోయింది.

"రేకు లేచింది. పడింది" అన్నాడు.

చూరు నుంచి నీళ్లు కారుతున్న చప్పుడు.

"ఎక్కడ పడింది?" అన్నాను.

"ఖాళీ కుర్చీ మీద."

ఎవరి కుర్చీ అని నేను అడగలేదు. పైఅర వైపు చూశాను. వాడూ అటే చూశాడు. మూడు గ్లాసులు.

వాడి గ్లాసులో మళ్లీ టీ పోశాను. సగం సాసరు మీద ఒలికింది. వాడు చూశాడు. తర్వాత, గొంతు ఇంతకుముందు కంటే పెద్దది చేశాడు.

"అయినా రేకుదేముంది, రేకు చిన్న విషయం, అసలు సంగతి తలుపు దగ్గర జరిగింది. గాలికి కప్పు లేవగానే జనం ఒక్క పెట్టున తలుపు మీద పడ్డారు. ఎంత మంది? వంద మంది. తలుపు ఒక్కటే, అదీ ఒక రెక్క. తొక్కుకుని చచ్చిపోతారు. నేను ఏం చేశాను? పరిగెత్తానా? సేనాపతి పరిగెత్తడు. తలుపుకి అడ్డంగా నిలబడి చేతులు చాచాను. బావని అటు, రెండడుగులు ఖాళీ వదిలి, నిలబడమన్నాను. ఇద్దరం. మధ్యలో ఎవరూ లేరు, అయినా ఉన్నట్టే. అయిదొందల మంది..."

"వంద అన్నావు" అన్నారు మాస్టారు.

"ముందు వరస వంద మాస్టారూ. వెనక వరసలు లెక్కపెట్టొద్దా? అయిదొందల మంది పరిగెత్తుకొచ్చి నా ముందు గడిలో కాలు పెట్టారు. పెట్టగానే ఆగిపోయారు. లేపిన కాలు లేపినట్టే. ఒకాయన తుమ్మబోతూ ఆగాడు, తుమ్ము సగంలో ఉండిపోయింది, ఇప్పటికీ పూర్తి కాలేదట."

"నేను ఆ హాల్లో యూనియన్ మీటింగులకి వెళ్తాను, అరవై మంది కూర్చుంటే అరవై ఒకటో వాడికి చోటుండదు" అన్నారు కండక్టరు గారు.

"అది మీటింగుకి. యుద్ధం జరిగేటప్పుడు హాలు పెరుగుతుంది."

"ఎంత పెరిగింది?" అన్నారు మాస్టారు, పెన్ను పట్టుకుని.

"మూడు వేల మంది పట్టేంత. మూడు వేల మందినీ అలా నిలబెట్టి, ఒక్కొక్క వరసనే పిలిచి, పక్క తలుపు లోంచి పంపించాను. ముందు ముసలివాళ్లు, తర్వాత పిల్లలు, తర్వాత కళ్లజోడు వాళ్లు. ఒక్కరి కాలి గోరు కూడా చిట్లలేదు. బయటికొచ్చాక గాలి నా మీదికి వచ్చింది. ఆ గాలి సంగతి మీకు తెలుసుగా టైలరు గారూ, మీ కొట్టు బోర్డు ఎత్తుకుపోయిందే, అదే గాలి. ఎదురుగా వచ్చింది. నా ముందు మూడు గళ్ళలో కాలు పెట్టింది. ఆగింది. రోడ్డు మీద ఒక్క ఆకు కదల్లేదు. అప్పుడు దానికి తెలివొచ్చింది, ఎడమ పక్క నుంచి చుట్టి రాబోయింది. పక్కదెబ్బ కొడదామని. గాలికి కూడా రూల్ పుస్తకం ఎవడో చదివి వినిపించినట్టున్నాడు. నేను మొహం ఎడమకి తిప్పాను. ఆగింది. కుడికి వెళ్లింది. కుడికి తిప్పాను. అలా నన్ను చుట్టి చుట్టి, చుట్టి చుట్టి, తల తిరిగి పక్కూరికి వెళ్లిపోయింది."

"వానో?" అన్నాడు టైలరు. అతనికి నచ్చింది.

"వాన నా మీద ఎక్కడ పడింది? చూడండి, చొక్కా."

చొక్కా పొడిగా ఉంది. వాడు పాలవ్యానులో వచ్చాడు.

ఇవి అసలైన కోతలు. నాన్న పోయిన రోజు ఇలాంటిది ఒక్కటి కూడా లేదు. నేను పొయ్యి గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఇంకా కొయ్యరా అనుకున్నాను. ఇంకా పెద్దవి కొయ్యి. హాలుని ఊరంత చెయ్యి. మూడు వేలని ముప్ఫై వేలు చెయ్యి. నువ్వు ఎంత కోస్తే నాకు అంత మేలు.

వాడు రోడ్డు వైపు చూస్తూ కోస్తూనే ఉన్నాడు. రోడ్డు మీద ఎవరూ లేరు.

నేను కెటిలు తీసి మాస్టారికి టీ పోస్తున్నాను. అప్పుడు వంటింటి తలుపు కదిలింది.

మా అత్తగారు. డెబ్భై రెండేళ్ల మనిషి. నిలువునా తడిసింది. ఒక చేతిలో విరిగిన గొడుగు, ఇంకో చేతిలో చెప్పులు. చంకలో ప్లాస్టిక్ సంచి. నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టింది.

ఒకటి.

ఆవిడ భుజం మీంచి మా అమ్మాయి తొంగి చూసింది. జుట్టు మొహానికి అతుక్కుపోయింది. మోచేతి మీద చిన్న గీత. కళ్లు నవ్వుతున్నాయి.

రెండు.

టీ గ్లాసు నిండి, పొంగి, గట్టు మీద పారుతోంది. నేను కెటిలు ఎత్తలేదు.

బల్ల మీద ముగ్గురూ చూశారు. ఎదురుగా కూర్చున్నారు, చూడక ఏం చేస్తారు. కండక్టరు గారు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. టైలరు చూరు వైపు చూడటం మొదలుపెట్టాడు. మాస్టారు మాత్రం మొహంలో ఏమీ కనపడనివ్వకుండా, అయితే సేనాపతీ, ఇంత గాలి, ఇంత వాన, మూడు వేల మంది, ఇన్నింటిలోనూ నీ వెన్ను ఎవరూ పట్టుకోలేకపోయారంటావా అని అడిగారు.

"నా వెన్నా?" అన్నాడు వీడు. ఛాతీ విరుచుకున్నాడు. "మాస్టారూ, నాకు వీపులో కళ్లున్నాయి. పిల్లి నడిచినా తెలుస్తుంది. దోమ వాలబోతుంటే తెలుస్తుంది. ఆ గడ్డం పెద్దమనిషి పదహారు ఏనుగులతో రోజంతా తిరిగాడు, నా వెనక గడి ఎక్కడుందో ఆయనకి దొరకనే లేదు. చివరికి లేచి, రెండు చేతులూ జోడించి, సేనాపతీ, నా తొమ్మిదేళ్ల కప్పూ నీదే అన్నాడు. నేనే వద్దన్నాను. పెద్దాయన, పోనీలెమ్మని..."

గొడుగు పిడి వాడి వీపు మధ్యలో తగిలింది.

"వెన్ను మీద దెబ్బ. పాచికలు రెండింతలు" అంది మా అత్తగారు.

తమ్ముడు తిరగలేదు. అలాగే నిలబడ్డాడు, నోరు తెరిచి. ముందు వాడి భుజాలు దిగాయి. తర్వాత కళ్లు మూసుకున్నాడు. ఊపిరి వదిలాడు. అంత పొడుగు ఊపిరి వాడు లోపల దాచుకున్నాడని నాకు అప్పుడు తెలిసింది.

"అత్తమ్మా" అన్నాడు, ఇంకా రోడ్డు వైపే చూస్తూ. "దారిలో వైర్లు తెగి ఉన్నాయి. ఎటు నుంచి వచ్చారు?"

"కోత మిల్లు వెనక సందు లోంచి. ముందు దారి మూసేస్తే చుట్టి వెనక నుంచి రావాలని నువ్వేగా మూడు వేల మందికి నేర్పావు" అని, సంచి లోంచి కప్పు తీసి బల్ల మీద పెట్టింది. చిన్న స్టీలు కప్పు. గ్లాసు కంటే కొంచెం పెద్దది. "ఇంతకీ అబ్బాయ్, నాకు గడ్డం ఎప్పుడు మొలిచింది?"

బల్ల మీద ముగ్గురూ అప్పటిదాకా పట్టుకున్న నవ్వు వదిలేశారు. కండక్టరు గారికి పొలమారింది.

మిగతాది మా అమ్మాయి చెప్పింది. ఫైనలు మామయ్యకీ నానమ్మకీ. మామయ్య నాలుగు దళాలు ఖాళీలు వదిలి వరసగా నిలబెట్టి, ఇక ఎవరూ దాటలేరని చేతులు కట్టుకు కూర్చున్నాడట. నానమ్మ ఎదురుగా ఏనుగులు పెట్టి కదలకుండా ఊరుకుందట. మామయ్య ఏనుగులనే చూస్తున్నాడట. ఈలోగా రెండు గుర్రపు బిళ్లలు ఎడమ అంచు వెంబడి, ఎత్తుకి నాలుగేసి గళ్ళు చొప్పున, ఒక్క పట్టులోనూ కాలు పెట్టకుండా పోయి పోయి వెనక్కి చేరాయట. నాలుగో ఎత్తులో నలుగురి వెన్నూ ఒకేసారి. పాచికలు వేశాక మామయ్య బల్ల మీద ఈగ కూడా మిగల్లేదట.

"ఆ మూడు వేల మంది?" అన్నారు మాస్టారు.

"పద్నాలుగు మందిమి. రిఫరీతో కలిపి" అంది.

మాస్టారు చేతి వెనక అంకెలన్నీ కొట్టేసి, పద్నాలుగు వేసుకున్నారు.

"తలుపు తీసింది నాన్న. మామయ్య బల్ల కింద ఉన్నాడు" అంది మా అమ్మాయి.

"బల్ల కింద నుంచి దళాల్ని నడుపుతున్నాను" అన్నాడు వాడు. కానీ గొంతు చిన్నగానే ఉంది.

నేను మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. మోచెయ్యి పట్టుకుని చూశాను. పైపైన గీసుకుపోయింది. అప్పుడు అడిగాను.

"ఆ ఖాళీ కుర్చీ ఎవరిది?"

తమ్ముడు నేల చూపులు చూస్తున్నాడు. మా అత్తగారు తడి కాళ్లతో బల్ల మీద కూర్చుని, నింపాదిగా చెప్పింది.

"దానిదే. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని బిళ్లలు డబ్బాలో సర్దుతోంది. నేను గుర్రాల్ని వెనక్కి చేర్చాక పిలిచాను. రావే, మీ మామయ్య ఓడిపోతున్నాడు, చూద్దువు గాని అన్నాను. వీడు ఓడిపోవడమంటే ఇది అన్నం మానేసి వస్తుంది. వచ్చింది. వచ్చి పడీ పడీ నవ్వుతోంది. ఆ నవ్వు ఆగకముందే రేకు ఊడి ఆ కుర్చీ మీద పడింది. కుర్చీ లేదు ఇప్పుడు."

నేను దాని చెయ్యి వదల్లేదు. వదలడానికి కొంచెం సేపు పట్టింది.

"మరి వార్త చెప్పడానికి వీణ్ణా పంపారు అత్తయ్యా" అన్నాను. ఆ మాటే ముందు వచ్చింది.

"వీడు కోతలు కోస్తుంటే ఏమీ కాలేదని నీకు తెలుస్తుంది. అందుకే పంపాను."

"వచ్చీ రాగానే కొయ్యలేదు."

"అయితే వాడికీ భయం వేసిందన్నమాట" అంది ఆవిడ.

తమ్ముడు తలెత్తాడు. నా వైపు చూశాడు. మా నాన్న పోయిన రోజు గుమ్మంలో నిలబడిన మొహమే.

"ఓడిపోయానక్కా" అన్నాడు.

"మంచి పని చేశావురా" అన్నాను.

వాడికి అది చాలింది. కాసేపు కప్పు వైపు చూశాడు. దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. వెలుతురు మొహం మీద పడింది. మెల్లగా భుజాలు పైకి లేచాయి. ఛాతీ ముందుకొచ్చింది. గొంతు సవరించుకున్నాడు.

"అసలు జరిగిందేంటంటే మాస్టారూ," అని మొదలుపెట్టాడు, "ఇది ఇందాక చెప్పలేదు, చెప్పుకోకూడదని. ఫైనల్లో రెండో ఎత్తుకే నేను పైకి చూశాను. మూడో రేకుకి నాలుగో మేకు వదులైంది. గాలి ఎటు, రేకు ఎటు, కుర్చీ ఎటు, అన్నీ కంటిచూపుతో కొలిచేశాను. పిల్లని కేకేస్తే వస్తుందా? రాదు. దాని సంగతి నాకు తెలుసు. నేను ఓడిపోతున్నానంటేనే వస్తుంది. ఇరవై ఏళ్లు ఎవరికీ ఇవ్వని వెన్ను. ఏం చేయను? ఇచ్చాను. అత్తమ్మ గుర్రాలు ఎడమ అంచున వస్తుంటే నాకు తెలీదా? దారిచ్చాను. రమ్మన్నాను. ఇంకొంచెం ఇటు అని కళ్లతోనే..."

ఎవరూ అడ్డు చెప్పలేదు. మాస్టారు పెన్ను జేబులో పెట్టేసుకున్నారు. మా అత్తగారు కాళ్లు చాపుకుని, పోనీలే, ఈ ఒక్కటీ నమ్ముదాం అంది. మా అమ్మాయి వెళ్లి మామయ్య పక్కన నిలబడింది, వాడి చేతిలోని కప్పు పట్టుకుని. టైలరు లేచి చప్పట్లు కొట్టాడు. కండక్టరు గారూ కొట్టారు. వీధిలో పోతున్న ఎవరో కూడా ఆగి, ఎందుకో తెలియకుండానే కొట్టి వెళ్లారు.

నేను పైఅర లోంచి రెండు గ్లాసులు తీశాను. ఒకటి మిగిలింది.

"మీ నాన్నేరి?" అన్నాను.

"పెరట్లో. కాళ్లు కడుక్కుంటున్నారు. చెక్క నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చారు, బురద ఇంట్లోకి తేకూడదట" అంది మా అమ్మాయి.

నేను కదల్లేదు. చప్పట్లలో ఏమీ వినపడలేదు. తర్వాత వినపడింది. కుళాయి చప్పుడు. కుళాయి కట్టేసిన చప్పుడు. చెక్క గోడకి ఆనించిన చప్పుడు.

మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చొక్కా లేదు. ఆ చొక్కా చెక్కకి చుట్టాడు, గళ్ళు తడవకుండా. అందరినీ ఒకసారి చూశాడు. నన్ను చూశాడు.

"టీ ఉందా?" అన్నాడు.

ఉంది అన్నాను. ఆఖరి గ్లాసు తీసి కడిగాను. అది పొద్దున కడిగిందే. మళ్లీ కడిగాను.

నాలుగు గ్లాసులూ పొయ్యి గట్టు మీద వరసగా పెట్టి పోశాను. అత్తగారు. ఆయన. అమ్మాయి. తమ్ముడు. నాలుగు. వాడి కథలో అప్పటికి ఎంతమంది అయ్యారో నాకు తెలీదు. నేను నా నలుగురినీ ఇంకోసారి లెక్కపెట్టుకున్నాను. నాలుగే.